మంచంకోడు మీద బదనిక

మా వీధిలో ఎవరింట్లో ఏం జరిగినా ముందు నాకే తెలుస్తుంది. నేను అడగను, జనమే చెప్తారు. చెప్పనివాళ్ళ ఇంటికి మాత్రం పంచదార అప్పు అడగడానికి వెళ్తాను.

పక్కింటి టైలరమ్మాయి విషయంలో ఆ అవసరం కూడా లేదు. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఆమె మిషను మీద దారం తెగినా నాకు వినిపిస్తుంది. ఆ ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళిద్దరే. అత్తగారిని వీధంతా హాజరు మామ్మ అనేవాళ్ళం. ఆవిడ కొడుకు ఒక సాయంత్రం తెగిన చెప్పు కుట్టించుకొస్తానని వెళ్ళి ఇంతవరకు రాలేదు. చెప్పు ఎంత తెగిందో పాపం. అప్పట్నుంచి కోడలు కూడా వెళ్ళిపోతుందని మామ్మకి బెంగ పట్టుకుంది. మంచంలోంచే పిలిచేది.

"ఉన్నావా?"

"ఉన్నా అత్తయ్యా."

పొద్దస్తమానం ఇదే వరస. పడుకునేటప్పుడు కోడలి మణికట్టు పట్టుకుంటేగానీ నిద్రపట్టేది కాదు. గోడకి ఇవతల వినీ వినీ అలవాటైపోయి, ఒకటి రెండుసార్లు నేను కూడా "ఉన్నా" అనేశాను. మా ఆయన తలుపు దగ్గరికెళ్ళి ఎవరొచ్చారో చూసొచ్చాడు.

చివరికి మామ్మకి దగ్గు పట్టుకుంది, దాంతోనే పోయింది. తరవాత మంచంకోడు ఒకటి పుచ్చిపోయిందని కోడలు వడ్రంగిని పిలిపించి కొత్తది వేయించింది. అతను వంట తెలిసిన మగాడిలా ఏ పని చేసినా ఒక మాట చెప్పిగానీ వదలడు. ఆ రోజు గాలివానకి కూలిన చెట్టు నుంచి టైలరమ్మాయి ఒక బదనిక ఏరుకొచ్చింది. కొమ్మల్ని పట్టుకుని బతుకుతుందే, ఆ మొక్క. పూల దుకాణంవాడు దాన్నే ఆర్కిడ్ అని రెండింతల ధరకి అమ్ముతాడు.

"దీనికి మట్టి వద్దమ్మా," అన్నాడు వడ్రంగి. "పాత చెక్క ఇస్తే చాలు, పట్టుకుని బతికేస్తుంది. కొందరికి పక్కిల్లు చాలదూ, అలా." నా వైపు చూశాడు. నేను కాఫీ తాగుతూనే ఉన్నాను.

పిల్ల పొదుపరి. పుచ్చిన ఆ కోడునే తీసుకుని, మొక్కని దానికి ఆనించి, మామ్మ దుప్పట్లోంచి ఒక పేలిక చింపి కట్టింది. వేళ్ళకి పట్టు దొరికేదాకా గుడ్డ మోస్తుంది, తరవాత చివికి రాలిపోతుంది. అలా కట్టడమే పద్ధతి. మంచం పైన కిటికీ ఊచకి వేలాడదీసి, ఇస్త్రీకి నీళ్ళు చిమ్మే సీసాతో రోజూ తడిపేది. ఎండిన వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లగా ఉంటాయి. తడి తగిలిందా, చూస్తుండగానే పచ్చబడతాయి.

ఏడాది తిరిగింది. మొక్క బాగా పట్టుకుంది. పేలిక మాత్రం చివకలేదు. ముడి ఇంకా బిగిసినట్టే ఉండేది.

అంతలో పెద్ద ఊళ్ళో యూనిఫారాలు కుట్టేచోట ఆమెకి పని దొరికింది. గది కూడా వాళ్ళే ఇస్తారట. రెండుసార్లు సామాను సర్దుకుంది. రెండుసార్లూ ప్రయాణం రోజుకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. కాంపౌండరు ఒకే రంగు మాత్ర రెండుసార్లూ ఇచ్చాడు. అతని దగ్గర వేరే రంగు లేదు.

"ఇంక ఆగరట అక్కా," అంది మూడోసారి. "ఈసారి వెళ్ళకపోతే ఈ గదిలోనే ముసలిదాన్నైపోతాను. మొక్కని నువ్వు తీసుకెళ్ళు."

బస్సు తెల్లవారుజామున. ముందురోజు సాయంత్రం మొక్క కోసం వెళ్ళాను. ముసురు పట్టింది. సంచులు తలుపు దగ్గర వరసగా పెట్టి ఉన్నాయి. ఆఖరి జాకెట్టు కుట్టి నడుము పడిపోయిందని ఆమె మంచం మీద వాలింది. నేను టీ పెడతానని వంటింట్లోకెళ్ళాను. పంచదార ఎక్కడుందో నాకు ఆమెకంటే బాగా తెలుసు.

కరెంటు పోయింది.

వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. పొయ్యి మంట నీలంగా వణుకుతోంది. ముందు తడిచెక్క వాసన వచ్చింది. తరవాత ముక్కిన దుప్పటి వాసన. దాని వెనకాల... దగ్గుకి ఛాతీకి రాసుకునే తైలం వాసన. మామ్మ పోయాక ఆ సీసాని నా చేతులతోనే పారేశాను.

గదిలో మంచం కిర్రుమంది.

"అక్కా..." నిద్రమత్తులో గొంతు. "చెయ్యి వదులు."

నా చేతిలో టీ వడపోసే జల్లెడ ఉంది.

"నేను వంటింట్లో ఉన్నానే," అన్నాను.

వాన ఆగినట్టనిపించింది. తరవాత చాలా సన్నగా...

"మరి..."

కొవ్వొత్తి వెలిగించుకుని వెళ్ళాను.

ఆమె కదలకుండా పడుకుని ఉంది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. కిటికీలోని కోడు నుంచి ఒక వేరు... గోడ మీదుగా దిగింది. పరుపు అంచు దాటింది. మణికట్టుకి చుట్టలు చుట్టుకుని, బొటనవేలి పక్కన ఆగింది. మామ్మ పట్టుకునేది అక్కడే. పొద్దున్నుంచి ఎవరూ నీళ్ళు చిమ్మలేదు. మిగతా వేళ్ళన్నీ సుద్దలా ఉన్నాయి. ఇది ఒక్కటే పచ్చగా ఉంది.

"అత్తయ్యేనా?" పెదవులు కదిలాయంతే.

"మాట్లాడకు."

మిషను మీది పెద్ద కత్తెర తెచ్చాను. బదనిక వేరు లోపల దారంలా పొడిగా ఉంటుంది. అది అలా తెగలేదు. వెచ్చగా తెగింది.

ఆ పూట ఆమెని మా ఇంట్లోనే పడుకోబెట్టాను. మా ఆయన వరండాలోకి వెళ్ళి, అదేదో త్యాగమన్నట్టు గురక పెట్టాడు. తెల్లవారుజామున నేనే బస్సెక్కించాను. నుదురు చల్లగానే ఉంది. బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది. మణికట్టు చుట్టూ తెల్లటి గీత ఉంది, గాజు తీసేసిన చోటులా.

మొక్కని పారేద్దామనుకున్నాను. పారేస్తే ఎక్కడ పట్టుకుంటుందో అని భయం. మా కిటికీకే కట్టాను. రోజూ నీళ్ళు చిమ్ముతున్నాను. వేళ్ళు తడుస్తాయి, నీళ్ళు కారిపోతాయి. ఒక్కటీ పచ్చబడలేదు. చచ్చిందిలే అనుకుని, నిజం చెప్పొద్దూ, కాస్త ఊపిరి పీల్చుకున్నాను. నిన్నటి నుంచి నీళ్ళు చిమ్మడం కూడా మానేశాను.

ఇవాళ ఆమె ఫోన్ చేసింది. గది బాగుందట. సూపర్‌వైజరుకి కోపం ఎక్కువ, చూపు తక్కువట. నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళైందో.

"ఇక్కడివన్నీ కరెంటు మిషన్లు అక్కా. కాలు ఆన్చితే చాలు, పరుగే..."

మధ్యలో ఆగింది. ఫోను కాస్త దూరం జరిపినట్టుంది. చాలా మామూలుగా, పని ధ్యాసలో ఉన్నట్టు అంది.

"ఆఁ, ఉన్నా అత్తయ్యా."

మళ్ళీ నాతో, "ఎక్కడున్నాను? ఆఁ, మిషన్లు..."

ఏమందో ఆమెకే తెలియలేదు. నేనూ చెప్పలేదు. ఈ వీధిలో నేను నోట్లోనే ఉంచుకున్న మాట అదొక్కటే.

ఎదురుగా కిటికీలో, నీళ్ళు చిమ్మని వేళ్ళు ఒక్కొక్కటే పచ్చబడుతున్నాయి. నేను కత్తిరించిన మొండివేరు అన్నిటికంటే ముందు.