పెన్నులు కింద, కళ్ళు ఇటు

ఆ ఉదయం వంటింటి గట్టు మీద ఒకటే క్యారియర్ సర్ది ఉంది. రెండోది కడిగి బోర్లించినట్టే ఉంది.

"అదేంటత్తయ్యా, మామయ్యకి కట్టలేదా?" అంది కోడలు.

"బడికి పోరట. ఆరో తరగతి పిల్లలకి పరీక్ష రోజున వస్తుందే కడుపునొప్పి, అది వచ్చినట్టుంది," అంది అత్త, ముందుగదిలో ఉన్న మనిషికి వినపడేలాగే.

ముందుగదిలో లెక్కల మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నారు. బడికి పోనివాడు బూట్లు తుడుచుకోడు. ఆయన తుడుచుకున్నారు. జేబులో మడిచిన కాగితం కొస తెల్లగా బయటికి కనిపిస్తోంది.

మామా కోడళ్ళది ఒకే బడి. ఆయన ముప్పై రెండేళ్లుగా అక్కడ లెక్కలు చెబుతున్నారు. ఆమె నిరుటి నుంచి పిల్లల టాబ్‌లు చూసుకుంటోంది. ఛార్జింగ్ పెట్టడం, పాఠాలు ఎక్కించడం, మొరాయిస్తే దారికి తేవడం ఆమె పని. చిన్నప్పుడు ఆమె కూడా ఆయన దగ్గరే చదువుకుంది. అందుకే వాళ్ళ మధ్య ఒక పద్ధతి ఏర్పడింది. స్కూటర్ మీద బడి గేటు దాకా ఆయన మామయ్య. గేటు దాటితే సార్.

నిన్న భిన్నాల పాఠం మధ్యలో క్లాసులోని టాబ్‌లన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. ప్రతి తెర మీదా పెద్ద అక్షరాలు: "పెన్నులు కింద. కళ్ళు ఇటు." అది మాస్టారి ఊతపదం. ఒక్క పెన్నూ లేని క్లాసులో ఆ మాట చూసి పిల్లలు పగలబడి నవ్వారు. కోడలు పరుగున వచ్చి, అందరి ముందూ, "నాదే పొరపాటు సార్," అంది. సాయంత్రం ఆయన స్కూటర్ ఎక్కలేదు. నడిచి ఇంటికొచ్చారు.

"మామయ్యా, టైమవుతోంది."

"మీరు వెళ్ళండి టీచర్ గారూ."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"టీచర్ గారేంటి మామయ్యా, కొత్తగా?"

"మరేమనాలి? మీరు ఎక్కడో కూర్చుని మీట నొక్కితే ఇక్కడ నా క్లాసు ఆగిపోతుంది. అంతటివారిని పేరు పెట్టి పిలుస్తామా?" జేబులో కాగితం తీసి చాపారు. "ఇది హెడ్మాస్టర్ గారికి ఇచ్చెయ్. రెండేళ్ళు ముందే ఉద్యోగం దిగిపోతానని రాశాను."

కోడలు చెయ్యి చాపలేదు. అత్త తడిచేతులతోనే వచ్చేసింది.

"ఎవర్నడిగి రాశారు? రేపట్నుంచి ఇంట్లో కూర్చుని నాకు ఎక్కాలు చెబుతారా?"

"నవ్వులపాలైంది నేను. నువ్వు కాదు." ఆయన కోడలి వైపు తిరిగారు. "ఆపితే ఆపావు. నా మాటే నా నెత్తిన కొట్టాలా అమ్మా?"

"నాదే పొరపాటన్నాను కదా మామయ్యా." ఆమె తల దించుకుని చున్నీ కొసను వేలికి చుట్టుకుంటోంది.

"అబద్ధం," అంది అత్త వెంటనే. "నా కూర బాగుందని చెప్పేటప్పుడూ ఇలాగే చుడుతుంది."

"నాకెవరి సర్దుబాట్లూ అక్కర్లేదు. నేను చెప్పేదొకటే!" అంటూ మాస్టారు లేచి, భోజనాల బల్ల మీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచారు.

చెప్పాల్సిన ఆ ఒక్కటీ నోట్లోనే ఉండిపోయింది.

బల్ల మీద ఆయన టాబ్ ఉంది. ఒకసారి సరిచూద్దామని కోడలే పొద్దున తెరిచి పెట్టింది. ఆయన చెయ్యి పడింది దాని మీదే. పక్కన కుర్చీలో పాఠాలు ఎక్కుతున్న రెండు పిల్లల టాబ్‌లు ఆ క్షణాన టక్కున నల్లబడ్డాయి. రెండింటి మీదా అవే అక్షరాలు. పెన్నులు కింద. కళ్ళు ఇటు.

మాస్టారు తన అరచేతిని తిప్పి చూసుకున్నారు.

"అంటే... నిన్న..."

"మొదటి దెబ్బ మీ టాబ్‌లోని మీట మీద పడితే, తెరలు ఆపాలా అని అడుగుతుంది. రెండో దెబ్బ సరిగ్గా 'అవును' మీద పడుతుంది సార్." ఇంట్లో సార్ అన్నానని ఆమెకు తెలియలేదు. "ఆపింది మీ టాబ్ నుంచేనని నిన్ననే నా తెర మీద చూశాను."

"చూసి కూడా నీ మీదేసుకున్నావా? ఎందుకు?"

"పిల్లలు నవ్వుతున్నారు సార్."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. "మరి ఆ మాట?" అన్నారు.

"తెరలు ఆగితే అన్ని క్లాసులకీ కనబడేది అదే మాట. ఏదో ఒకటి రాయాలంటే నాకింకేం తోచలేదు. ఆరో తరగతిలో లెక్కలంటే చచ్చేంత భయం నాకు. మీరు బల్ల మీద రెండు దెబ్బలు కొట్టి ఆ మాట అన్నారంటే, హమ్మయ్య, ఇక అర్థమయ్యేలా చెబుతారు అనుకునేదాన్ని."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. తుడవాల్సినవి అద్దాలు కావు.

"పెళ్ళైనప్పట్నుంచీ మొత్తుకుంటున్నాను, ఆ బల్ల బాదుడు మానండని," అంటూ అత్త వంటింట్లోకి నడిచింది. బోర్లించిన క్యారియర్ చప్పుడు చేస్తూ తిరగబడింది.

మాస్టారు కాగితాన్ని వెనక్కి తిప్పి బల్ల మీద పరిచారు. పెన్ను తీశారు.

"ఊఁ, చెప్పు. ఆ మీట ఏ మూలనుంది?"

"తీసేయమంటారా?"

"వద్దు, ఉండనీ. చెయ్యి ఎక్కడ పడకూడదో తెలిస్తే చాలు."

తెర బొమ్మ గీసుకుని, మీట ఉన్నచోట గుండ్రంగా చుట్టారు. రాజీనామా వెనక పక్క నిండిపోయింది.

గేటు దగ్గర కోడలు స్కూటర్ ఆపింది. ఆయన దిగి, చొక్కా సర్దుకుని, "పదండి టీచర్ గారూ," అన్నారు. పొద్దున్న అన్న మాటే. ఆమె మొహం పక్కకు తిప్పుకుని, హెల్మెట్ పట్టీ విప్పడానికి అవసరమైన దానికంటే ఎక్కువసేపు తీసుకుంది.

రెండో పీరియడ్‌లో ఆమె తెర మీద ఒక పంక్తి వెలిగింది: ఆరో తరగతి, తెరలు ఆగాయి. ఆమె లేచి నిలబడింది. తన గది తలుపు దాకా వెళ్ళి చెవొగ్గింది. చెక్క మీద రెండు దెబ్బలు వినిపించాయి. నవ్వులు వినిపించలేదు. నింపాదిగా భిన్నాలు చెబుతున్న గొంతు ఒక్కటే వినిపించింది.

ఆమె వెనక్కి వచ్చి కూర్చుంది.