శిఖరం మీది సంతకాల పుస్తకం

కౌశిక్ నాలుగో శనివారం కూడా అదే పుస్తకం అడిగాడు. లైబ్రరీ చూసుకునే స్మృతికి అనుమానం బలపడింది.

కొలరాడోలోని ఆ పర్వతారోహణ మ్యూజియంలో పాతకాలపు తాళ్లున్నాయి, మంచుగొడ్డళ్లున్నాయి, హిమాలయాలెక్కి వచ్చిన బూట్లున్నాయి. జనం ఎగబడి చూసేది వాటినే. ఇతగాడికి మాత్రం లైబ్రరీలో మూలనున్న నలిగిన నోటుపుస్తకం కావాలి. కొండ ఎక్కినవాళ్లు శిఖరం మీద డబ్బాలో ఉంచిన పుస్తకంలో సంతకం పెట్టి దిగుతారు. నిండాక అది మ్యూజియానికి చేరుతుంది. ఇది పోయిన వేసవిది.

"ఇందులో అంత ఏముందండీ?" అంది స్మృతి, ఇక్కడే పుట్టి పెరిగిన యాసతో.

"రీసెర్చ్."

"దేని మీద?"

"హ్యాండ్‌రైటింగ్ మీద," అన్నాడు కౌశిక్, ఆమె వైపు చూడకుండా. చూడకపోతే మానె, చెవులెందుకు ఎర్రబడాలి?

పేజీ చింపుకుపోతాడేమో! ఒక్క కాగితం పోయినా జవాబు చెప్పాల్సింది తనే. మూడు నెలల కిందట దొరికిన ఉద్యోగం ఊడుతుంది. అంతకంటే ఘోరం, ఈ దొంగ మొహం కోసం తను శుక్రవారం నుంచే ఎదురుచూస్తోంది. పోయిన వారం కొత్త కుర్తీ కూడా వేసుకొచ్చింది. తన మీద తనకే ఒళ్లు మండింది.

ఫైలు తెచ్చే నెపంతో లేచి, అల్మరా వెనక నిలబడి చూసింది. కౌశిక్ అటూ ఇటూ చూసి జేబులోంచి పెన్ను తీశాడు. ఆ గదిలో పెన్సిల్ తప్ప పెన్ను ముట్టుకోకూడదు.

"స్టాప్!"

పెన్ను జారి కింద పడింది.

"సెక్యూరిటీని పిలవనా, మీరే చెప్తారా?"

"చెప్తా, చెప్తా! జూలై పన్నెండున నేను ఈ కొండ ఎక్కలేదండి. ఇంకో రెండొందల అడుగులుందనగా కింద లోయ కనిపించింది. కాళ్లు వణికి కూర్చుండిపోయా. ఇంట్లో మాత్రం ఎక్కేశానని చెప్పా. అమ్మ దాన్ని నా పెళ్లి బయోడేటాలో పెట్టేసింది. చాండ్లర్ ఊరి నుంచి ఓ సంబంధం వచ్చింది, ఆ అమ్మాయి నాన్న కూడా కొండలెక్కుతాడట. సంతకం ఫొటో పంపమన్నాడు."

స్మృతి నవ్వలేదు. "సో, ఇప్పుడు రాసేద్దామని వచ్చారు."

ఆ పేజీని పట్టిపట్టి చూసింది. జూలై పన్నెండు కింద రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి.

"ఫస్ట్ శనివారం నాకు కాల్ వచ్చి పది నిమిషాలు బయటికెళ్లాను. అప్పుడే ఎందుకు రాయలేదు?"

"పెన్ను తీశా. రాసేస్తే మళ్లీ ఇక్కడికి రావడానికి సాకు ఉండదనిపించింది. ప్రతి వారం అదే వరస. మీ కోసమే వస్తున్నానండి."

స్మృతి గుండె ఝల్లుమంది. ఆ వెంటనే అనుమానం మళ్లీ తలెత్తింది.

"అమ్మకే అబద్ధం చెప్పారు, నాకు చెప్పరని ఏంటి గ్యారంటీ? ఆవిడకి కాల్ చేయండి. ఇప్పుడే. స్పీకర్‌లో."

ఆష్‌బర్న్‌లో కూతురి దగ్గరున్న కౌశిక్ తల్లి కృష్ణవేణి రెండో రింగుకే ఎత్తింది. కౌశిక్ కళ్లు మూసుకుని కొండ సంగతి మొత్తం చెప్పేశాడు.

"ఎక్కకపోతే పోనీ, నాతో అబద్ధమెందుకురా? అయ్యో, ఇప్పుడా చాండ్లర్ వాళ్లకి నేనేమని చెప్పేది?"

కౌశిక్ చేతిలోంచి స్మృతి ఫోన్ తీసుకుంది.

"ఆ సంబంధం వద్దని చెప్పేయండి ఆంటీ."