గోడకు తుడిచిన వేలు

వరహాలమ్మ కిరణదర్శినిని గోడకు బెత్తెడు దూరంలో పట్టుకుని అడుగులో అడుగు వేస్తోంది. లోపలి గాలిని శుభ్రం చేసే, పనసకాయ తొక్కలా గరుకుగా ఉన్న ఊపిరిపూత మీద వెలుగు పాకుతుంటే, తెర మీద పటం పరుచుకుంటోంది. టైటానియం నీలం, బంకమన్ను గోధుమ. సున్నం తగిలి పూత చచ్చిన చోట తెలుపు.

పైడమ్మ గుమ్మం పక్కన ఆ తెల్ల మచ్చ అలాగే ఉంది. పోయిన తనిఖీలో దాన్ని చదివింది వరహాలమ్మే. పూతను చంపిన మనిషి, అందరూ తలదాచుకున్న ఈ గాలిగూడు విడిచిపోవాలి. ఈ వరసలో ఆకూ వక్కా వేసే ముసలిది పైడమ్మే కదా అని, సున్నం గీత ఒక్కటే చూసి ముద్ర వేసేసింది. ఈ సాయంత్రం పైడమ్మను బయటి బూడిదగాలిలోకి పంపుతారు. ఆ గాలికి ముసలి ఊపిరితిత్తులు ఎంతోకాలం ఆగవు. పంపేముందు మచ్చను మరోసారి చదవడం ఆనవాయితీ.

ఈసారి ఒక్కో పదార్థానికి ఒక్కోటిగా తెర మీద లేచే గీతలన్నీ తెరిచింది. పైడమ్మ వాడేది సముద్రపు గుల్లలు కాల్చిన సున్నం. అందులో స్ట్రాన్షియం గీత నిటారుగా లేవాలి. లేవలేదు. ఇది రాతి సున్నం.

రాతి సున్నం డబ్బీ వరహాలమ్మ బొడ్డు సంచిలోనే ఉంది.

పని ముగిశాక ఈ గుమ్మంలోనే కూర్చుని, పైడమ్మ ఇచ్చిన ఆకుకు తన డబ్బీ సున్నం రాసుకుంటూ కబుర్లు చెప్పేది. వేలికి మిగిలింది ఎక్కడ తుడిచేదో ఏనాడూ చూసుకోలేదు. ఆమె చెవులు వేడెక్కాయి.

మూట పక్కన పెట్టుకుని గుమ్మంలో కూర్చున్న పైడమ్మ ఆమె ముఖం చూసింది.

"కనిపించిందేటే?"

"నీకు ముందే తెలుసా, అప్పా?"

"మాటల్లో పడి నువ్వు గోడకి రాస్తంటే సూసినాను. సెప్తే సిగ్గుపడిపోతావని ఊరుకున్నాను. ఈలోగా ముద్రేసీసినావు, ఇంకేటి సెప్తాను? ఆకొకటి ఏస్కో, రా."

ఆ ఆకు అందుకునే మొహం వరహాలమ్మకు లేకపోయింది. మచ్చ కింద పైడమ్మ పేరు తీసి తన పేరు పెట్టింది. చదివేవారి పేరు చెల్లదని తెర తిప్పికొట్టింది. రెండోసారీ అంతే.

అప్పుడామె కిరణదర్శినిని గోడ మీంచి తిప్పి తన చూపుడువేలి మీద పెట్టింది. గోరు అంచున ఎండిన సున్నం తెర మీద తెల్లగా వెలిగింది. రెండు పటాలూ గీతకు గీత కలిశాయి.

కిరణదర్శిని వెలుగు ఆరిపోయింది. ఆమె చదివిన గోడలన్నీ మళ్లీ చదివేదాకా ఎవరినీ పంపరాదని తెర మీద పడింది. ఆ వెనకే, ఆమె ముద్రతో ఇదివరకే బయటికి వెళ్లిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి రాసాగాయి.

వరహాలమ్మ చూపు తిప్పుకోకుండా, పైడమ్మకు వినపడేలా, వాటిని చదవడం మొదలుపెట్టింది.