ఇసుకదొంతికి ఏ లెన్సు

అరవై లెన్సు పెడితే చేప బెదురుతుందంటాడు, సరే వంద పెడితే నీళ్ళు అడ్డమంటాడు, రెండూ వద్దు ఇంటికి పోదామంటే అదెట్ల అంటాడు, అసలు ఉన్నవి రెండే దారులైనప్పుడు ఆ రెండింటి మధ్యా ఇంతకాలం నిలబడగల ఓపిక ఒక మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది, అదీ ఒక ప్రతిభేనేమో అనుకుంటూ వాగు మధ్య బండ మీద కూర్చున్న సుమిత్ర, నీళ్ళలో కాళ్ళు ఆడించడం కూడా మర్చిపోయింది.

ఎదురుగా ఒడ్డు మీద ప్రవీణ్‌కుమార్ తువ్వాలు పరిచి, రెండు లెన్సులనూ పక్కపక్కనే నిలబెట్టి చూస్తున్నాడు. పెళ్ళిచూపుల్లో అక్కనీ చెల్లెల్నీ ఒకేసారి కూర్చోబెడితే కుర్రవాడు పడే ఇబ్బంది అతని మొహంలో ఉంది.

“సుమిత్రా, ఒక్కమాట.”

“చెప్పను.”

“నేనింకా అడగనే లేదు.”

“అడుగుతవ్ గదా. అరవయ్యా, వందా అని. అందుకే ముందుగాల్నే అంటున్న. చెప్పను.”

భోపాలపట్నం కాలేజీలో పాఠాలు చెబుతూ ఆమె చేపల మీద పరిశోధన చేస్తోంది. తర్లగూడ దాటాక వచ్చే ఈ వాగులో ఇసుకదొంతి చేపలు రాళ్ళ కింద గుడ్లు పెడతాయి. పెట్టి, ఆడది తన దారిన తాను పోతుంది. మగది రాయి కింద ఉండిపోయి, రెక్కలతో నీళ్ళు విసురుతూ గుడ్లకు కాపలా కాస్తుంది. ఆ కాపలాను నీటిలోపల, దగ్గరగా ఫోటో తీయాలి. ఊళ్ళో పెళ్ళిళ్ళు తీసే ప్రవీణ్‌కి కెమెరా ఉంది. నీళ్ళు దూరని పెట్టె, చిన్నవాటిని పెద్దగా చూపించే రెండు లెన్సులు హైదరాబాద్ నుంచి అద్దెకు బస్సు పార్సిల్‌లో వచ్చాయి.

అరవై ఎం.ఎం. అయితే కెమెరాను చేపకు జానెడు దూరం దాకా తీసుకుపోవాలి. వంద అయితే మూరెడు దూరంలోనే ఆగిపోవచ్చు. నీళ్ళలోకి దిగాక మార్చుకోవడం కుదరదు. ఒడ్డుకొచ్చి, చేతులు ఆరబెట్టుకుని, పెట్టె విప్పి, రబ్బరు రింగు మీద వెంట్రుక కూడా లేకుండా తుడిచి మళ్ళీ బిగించాలి. కాబట్టి ముందే తేల్చుకోవాలి. ఈ ముందే తేల్చుకోవడం దగ్గరే ప్రవీణ్ ఆగిపోతాడు.

“నిన్న స్టూడియో వెనక టబ్బులో టెస్ట్ చేసిన,” అన్నాడు. “పచ్చిమిరపకాయకు దారం కట్టి నీళ్ళలో నిలబెట్టిన. వందతోటి తీస్తే తొడిమె మీద గీతలు గూడ కనబడ్డయ్. చూసినవ్ గదా, వాట్సాప్‌ల పంపిన.”

“చూసిన. టబ్బుల ఏం నీళ్ళు?”

“బోరునీళ్ళు.”

“ఇదేంది?”

“వాగు.”

అతడు కాసేపు ఆమె మొహంలో జవాబు వెతుక్కున్నాడు. వందనే తీసి కెమెరాకు బిగించాడు.

గట్టు మీది ఇప్పచెట్టు కింద పూలు ఏరుతున్న సుమిత్ర మేనత్త సోమమ్మ నడుం నిటారుగా చేసుకుని కేకేసింది. “ఏం బిడ్డా, పిలగాడు పొద్దటి సంది ఆ డబ్బాలకు పూజ చేస్తుండు?”

“ముహూర్తం చూస్తుండు అత్తా.”

“అప్పటికి చేపలు గుడ్లు పొదిగి, పిల్లలై, ఆ పిల్లలకు గూడ పెళ్ళిళ్ళయితయ్.”

“వాటి పెళ్ళి ఫోటోలు గూడ నేనే తీస్త పెద్దమ్మా,” అంటూ ప్రవీణ్ ఈత కళ్ళద్దాలు పెట్టుకుని నీళ్ళలో బోర్లా పడుకున్నాడు. మోకాలి లోతు నీళ్ళు. వీపు, జుట్టు, ఊపిరి గొట్టం పైకి తేలి కనిపిస్తున్నాయి.

అతన్ని మొదటిసారి చూసిన రోజూ ఇంతే. కాలేజీ దరఖాస్తుకు పాస్‌పోర్ట్ ఫోటో కావాలని స్టూడియోకి వెళ్ళింది. ఒక ఫోటోకి కంప్యూటర్ తెర నిండా ఫోటోలు తీసి, “మీరే సెలెక్ట్ చేయండి మేడమ్,” అన్నాడు. “ఫోటోగ్రాఫర్ మీరా, నేనా?” అని ఆమె కసిరింది. “మొహం మీది గదా,” అన్నాడు అతడు, ఎంతో వినయంగా. ఆమె కోపంగా బయటికి వచ్చేసింది. రోడ్డు మీద నవ్వొచ్చింది. ఆ నవ్వును క్షమించుకోలేకే మళ్ళీ ఒకసారి వెళ్ళింది. తర్వాత వెళ్ళడానికి కారణాలు అవసరం లేకుండా పోయాయి.

నీళ్ళలోంచి తల పైకి వచ్చింది. ప్రవీణ్ ఆమె కూర్చున్న బండ దగ్గరికి వచ్చి పెట్టె వెనుక తెర చూపించాడు. మంచు కురుస్తున్నట్టు తెర నిండా తెల్లటి చుక్కలు. వాటి వెనుక ఎక్కడో ఒక బూడిదరంగు నీడ.

“ఇదేంది?” అన్నాడు.

“నువ్వే చెప్పు.”

“నీళ్ళల్ల దుమ్ము. ఫ్లాష్ పడి మెరుస్తుంది.”

“అయితే?”

“అయితే ఏంది, నాకూ నీ చేపకూ మధ్యన అంత దుమ్ముంది. మళ్ళ ఒకసారి కోశిష్ చేస్త.”

అదే లెన్సు, అదే దూరం. ఆమె పళ్ళు బిగించుకుంది. అతడు మళ్ళీ మునిగాడు.

ఆమెకు జవాబు తెలుసు. గుడ్లకు కాపలా ఉన్న మగ ఇసుకదొంతి మనిషిని చూసి పారిపోదు. జానెడు దూరమే కాదు, ముక్కు దగ్గరికి వెళ్ళినా కదలదు. అరవై పెట్టు అని ఒక్కమాట అంటే సరిపోయేది. అననంది. ఒక్కసారైనా అతడు తనంతట తాను తేల్చుకోవాలని పట్టుబట్టింది. దక్షిణాన ఆకాశం నల్లబడుతోంది. వాన పడితే వాగు ఎర్రగా మారిపోతుంది. గుడ్లు, పరిశోధన, అద్దె, అన్నీ ఆ ఎర్రనీళ్ళలో పోతాయి. తన పనిని తానే ముంచుకుంటూ అతన్ని పరీక్షిస్తోంది. చిరాకుగా ఉన్నంతసేపు ఆమెకు తన గురించి ఆలోచించుకోవలసిన పని పడలేదు. ఇప్పుడు పడింది.

అతని ఫోన్ ఆమె ఒళ్ళో మోగింది. చుట్టుపక్కల ఈ బండ మీద ఒక్కచోటే సిగ్నల్ ఉంటుంది.

రాయ్‌పూర్ సేఠ్. పెద్ద పెళ్ళిళ్ళు తీసే కంపెనీ. ప్రవీణ్‌ని రమ్మని హోలీ ముందు నుంచీ అడుగుతున్నాడు. ఈ రోజు ఖాయం చేయమన్నాడు. వెళితే అక్కడే ఉండాలి, పండక్కో పబ్బానికో వస్తాడు. “పోనా?” అని ప్రవీణ్ ఆమెను ఒకసారి అడిగాడు, టీ కొట్టు దగ్గర, గ్లాసులోకి చూస్తూ. “నీ ఇష్టం,” అంది ఆమె. ఆ మాట ఎంత మర్యాదగా ఉందో తనకే వినిపించింది.

“ప్రవీణ్ హై?” అన్నాడు సేఠ్.

“పానీ మే హై,” అంది.

నీళ్ళలో ఏం చేస్తున్నాడని ఆయన నిజంగానే కంగారుపడ్డాడు. చేప ఫోటో తీస్తున్నాడని చెప్పింది. ఆయన నవ్వి, వస్తాడా రాడా అని అడిగాడు. రాడు అనేస్తే అయిపోతుంది. వస్తాడు అన్నా అయిపోతుంది. అతని ఫోన్‌లో, అతని తరఫున ఏదైనా అనేయడం ఎంత సులువో తెలిసి ఆమె భయపడింది. “ప్రవీణే మాట్లాడతాడు,” అని హిందీలో చెప్పి పెట్టేసింది.

తలెత్తేసరికి ప్రవీణ్ ఒడ్డు మీద ఉన్నాడు. తువ్వాలుతో చేతులు ఆరబెట్టుకుంటున్నాడు. పెట్టె విప్పాడు. ఆమె వైపు చూడలేదు. వంద తీసేసి అరవై బిగించాడు. రబ్బరు రింగు వేలికొసతో తడిమి చూశాడు. ఒక్కమాట కూడా అడగలేదు.

ఇన్నాళ్ళూ ఆమె కోరుకున్నది ఇదే. జరిగేసరికి ఎందుకో భయమేసింది. తననింక అడగక్కర్లేదా?

అతడు దిగి, రాయికి దాదాపు మొహం ఆనించాడు. ఫ్లాష్ వెలిగింది. మళ్ళీ వెలిగింది. ఉన్నట్టుండి అతని వీపు ఉలిక్కిపడింది. నీళ్ళు చిమ్మాయి. లేచి కూర్చుని, గొట్టం తీసి, దగ్గుతూ నవ్వాడు.

“గుద్దింది. నీ చేప వచ్చి పెట్టె అద్దాన్ని గుద్దింది.”

అతడు తెచ్చి చూపించిన తెర మీద ఇసుకదొంతి నోరు తెరుచుకుని ఎదురు వస్తోంది. దాని వెనుక రాతి కప్పుకు వేలాడుతున్న గుడ్లు, ఒక్కొక్కదానిలో రెండేసి నల్లటి కళ్ళు. సుమిత్ర తెర మీదికి వంగింది.

“అది పారిపోదని నీకు ముందే తెల్సా?”

“తెలుసు.”

“మరి చెప్పలే.”

“నువ్వు తేల్చుకుంటవని.”

అతడు అద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. కళ్ళ చుట్టూ రబ్బరు ముద్ర గుండ్రంగా పడింది. కోపం రావలసిన చోట అలసట కనిపించింది.

“సేఠ్ ఫోన్ చేసిండా?”

“చేసిండు. నువ్వే మాట్లాడతవన్న.”

“ఏమనాలె?”

ఆమె మళ్ళీ మండిపడబోయింది. “ఇప్పుడే గదా లెన్సు నీ అంతట నువ్వు మార్చుకున్నవ్. ఇది గూడ...”

“లెన్సు నా పని. తప్పు చేసిన, దిద్దుకున్న,” అన్నాడు ప్రవీణ్. గొంతు పెంచలేదు. “పోవుడు నా ఒక్కనిది కాదు సుమిత్రా. సగం నీది. నా సగం నేనెప్పుడో తేల్చుకున్న. నీ సగం గూడ నేనే తేల్చాల్నా? అడిగిన ప్రతిసారి నీ ఇష్టం అంటవ్. నాకు ఇక్కడ ఉండుడు ఇష్టం లేకపోతే నిన్ను అడుగుతనా?”

గట్టు మీద సోమమ్మ పూల గంప నెత్తికెత్తుకుంటూ, “వాన, వాన. తెమలండిక,” అని ఎవరితోనో అన్నట్టు అంది. ఇప్పాకుల మీద చినుకుల చప్పుడు మొదలైంది.

ఇతను తేల్చుకోలేడు, ఇతను తేల్చుకోలేడు అని ఇంతకాలం తన లోపల తాను చెప్పుకున్న మాటకు కర్త ఎవరో సుమిత్రకు ఇప్పుడు అర్థమైంది. అడగడానికి అతడు ప్రతిసారీ ముందుకు వచ్చాడు. చెప్పకుండా ఉండడం మాత్రం ఆమె ఒక్కతే చేసిన పని. ఎందుకు? తను చెప్పాక కూడా అతడు వెళ్ళిపోతే? అప్పుడు చిరాకుపడడానికి ఎవరూ మిగలరు. బాధ ఒక్కటే మిగులుతుంది.

ఫోన్ మళ్ళీ మోగింది. సేఠ్ పేరు మీద చినుకు పడి అక్షరాలు ఉబ్బాయి. ప్రవీణ్ తడి చేయి చాపాడు. ఆమె ఫోన్ ఇవ్వబోయి ఆగింది. నీ ఇష్టం అనే మాట అలవాటుగా నాలుక మీదికి వచ్చింది. దాన్ని మింగేసింది.

“పోకు,” అంది, ఫోన్ అతని చేతిలో పెడుతూ.