మట్టిగూటి పాట

మా ఇల్లు సిద్దిపేటలో, బస్టాండుకు దూరంగా ఒక కొత్త కాలనీలో ఉంటుంది. ఇంటెనక గుంటెడు జాగ. అందులో బీరపందిరి, వంగ, మిరప, ఒక జామచెట్టు. మా ఆయన విశ్వేశ్వర్‌కు బట్టల దుకాణం మీదకంటే ఆ తోట మీదే ప్రేమ ఎక్కువ. పురుగుమందు చుక్క కూడా పడనివ్వడు. దాంతో చీమలు, గొంగళిపురుగులు, కందిరీగలు మా పెరట్లో చుట్టాల కంటే దర్జాగా బతికేవి.

నా బాధ వేరు. మా కూతురు సాత్వికకు నాలుగేళ్లు నిండినా మాట రాలేదు. చెవులు బాగున్నాయి, గొంతు బాగుంది, ఓపిక పట్టండి అన్నారు డాక్టర్లు. మాటలు నేర్పించడానికి నెలకు రెండుసార్లు హైదరాబాద్ తీసుకుపోయేదాన్ని. తిరుగు బస్సులో గజ్వేల్ దాటేదాకా ఏడుస్తూనే ఉండేదాన్ని. పిల్లలు రోజుకు వందసార్లు పిలిచి విసిగిస్తారే, ఆ "అమ్మా" అన్న మాట ఒక్కసారి వింటే చాలనిపించేది.

ఎండాకాలం మొదట్లో పడకగది వెనక గోడకు, సిమెంటు జాలీ పక్కన, ఒక కందిరీగ మట్టిగూళ్లు కట్టడం మొదలుపెట్టింది. చీపురు పట్టుకుని వెళ్తే మా అత్తమ్మ విమలమ్మ అడ్డం వచ్చింది.

"పడగొట్టకు బిడ్డా. అది పురుగును తెచ్చి గూట్ల పెట్టి, దాని చుట్టూ తిరుక్కుంట పాడుతది. వినీ వినీ ఆ పురుగు గూడ కందిరీగైతది. పురుగుకే అంత వస్తే, మన పిల్లకు రెండు మాటలు రావా? రోజు గీడ కూసోబెట్టు."

నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివినదాన్ని. నవ్వొచ్చింది.

"పాట లేదు, గీట లేదు అత్తమ్మా. పురుగును కుట్టి పడేస్తది. అది చావది, కదలది. దాని పక్కన గుడ్డు పెట్టి మట్టితోని మూస్తది. పిల్ల పుట్టి ఆ పురుగునే తింటది."

అంతా తెలిసిన నేనే మర్నాడు సాత్వికను తీసుకెళ్లి అక్కడ బట్టలుతికే బండ మీద కూర్చోబెట్టాను. ఆశ అలాంటిది మరి. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

సాత్విక గూటికి చెవి ఆనించి గంటలు గంటలు కూర్చునేది. వారానికి పెదాలు మూసుకుని సన్నగా, జుయ్యిమని, ఒక రాగం తీసింది. ఏడుపు కాకుండా నా బిడ్డ గొంతు మొదటిసారి విన్నాను. సంతోషంతో దుకాణానికి ఫోన్ చేసి ఏడ్చాను.

తర్వాత మట్టి తడపడం మొదలుపెట్టింది. ఆడుకుంటోంది అనుకున్నాను. ఒకరోజు సాత్విక పెన్సిల్ డబ్బా కనిపించింది. మూత చుట్టూ మట్టి మెత్తి ఉంది. చెంచాతో తెరిచాను. లోపల ఆకుపచ్చ గొంగళిపురుగులు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. ముట్టుకుంటే ఒకటి కొద్దిగా వణికింది. అవి చావలేదు.

వాటిని కుట్టిందెవరు?

మర్నాడు అత్తమ్మ చిన్నకోడూరులో పెళ్లికి పోయింది. కరెంటు లేదు. మిట్టమధ్యాహ్నం, ఆకు కూడా కదలడం లేదు. చీపురు తిరగేసి గూళ్లన్నీ రాలగొట్టాను. తడిమట్టి వాసన గుప్పుమంది. అంతలోనే కుడి చెవి వెనక నిప్పు అంటించినట్టయింది. కందిరీగ కుట్టింది. సాత్విక బండ మీద నిలబడి చూస్తోంది. ఏడవలేదు, బెదరలేదు.

ఎలాగో లోపలికొచ్చి మంచం మీద పడ్డాను. కాళ్లు తిమ్మిరెక్కాయి. తర్వాత చేతులు... తర్వాత నాలుక. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

జాలీకి తొమ్మిది రంధ్రాలు. ఎదురు గోడ మీద తొమ్మిది ఎండ ముక్కలు.

బయట జుయ్యిమని రాగం మొదలైంది. తడిగా ఏదో అద్దిన చప్పుడు. గోడ మీద ఒక ఎండ ముక్క పోయింది.

మళ్లీ చప్పుడు. ఇంకొకటి పోయింది.

సాత్వికా అని పిలుద్దామంటే మాట రాలేదు. ఆరు... అయిదు... చిన్న చిన్న వేళ్లు మట్టిని నున్నగా సర్దుతూ కనిపించాయి. మూడు... రెండు... గది చీకటైంది.

తలుపు కిర్రుమంది. చిన్న అడుగులు మంచం దాకా వచ్చాయి. మోకాలు నా భుజం మీద ఆనింది. పెదాలు నా కుడి చెవికి తగిలాయి. ఆ రాగం ఎంతసేపు సాగిందో తెలియదు... తర్వాత చెవిలో చల్లగా, మెత్తగా మట్టి పడింది.

అన్నం తినడానికి మా ఆయన వచ్చేసరికి సాత్విక నా పక్కన నిద్రపోతోందట. నన్ను దవాఖానకు తీసుకుపోయారు. కందిరీగ విషం పడక అలా అయిందన్నారు. చెవి కడిగి, లోపల ఏమీ లేదు అన్నారు. సాయంత్రానికి కాళ్లు, చేతులు, నాలుక స్వాధీనంలోకి వచ్చాయి.

మర్నాడు పొద్దున సాత్విక "డాడీ" అంది. మధ్యాహ్నానికి "నానమ్మ" అంది. అత్తమ్మ కాలనీ అంతా చక్కెర పంచింది. "నేను చెప్పలే? నువ్వే నవ్వినవ్" అని నా మీద ఎగిరింది కూడా.

అందరినీ పిలిచింది, నన్ను తప్ప. దగ్గరికి తీసుకుంటే నా ముఖం చూడదు. నా కుడి చెవి వైపే చూస్తుంది. ఆ చెవిలో జుయ్యిమంటూనే ఉంది. తగ్గిపోతుందిలే అన్నాడు డాక్టరు. పన్నెండు రోజులైంది.

నిన్న మధ్యాహ్నం బీరకాయలు తరుగుతూ కూర్చున్నాను. సాత్విక వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. నా కుడి చెవికి పెదాలు ఆనించింది.

"అమ్మా" అంది.

కళ్లలో నీళ్లు తిరిగాయి. కత్తి పక్కన పెట్టాను. పలుకుదామని నోరు తెరవబోతున్నాను. అంతలోనే, నా చెవి లోపలి నుంచి ఎవరో "ఊ" అన్నారు.

సాత్విక నవ్వింది.