మూడు కాగితాల్లో వెన్న వాసన

మంగళవారం పొద్దున్నే వాల్‌బుర్గా రాయ్స్ ఆఫీసులోకి వచ్చిన మనిషి కూర్చోమన్నా కూర్చోలేదు. ఎనిమిది నెలల పాపను గుడ్డతో రొమ్ముకి కట్టుకుని ఉంది. పాప నిద్రపోతోంది. తల్లి మాత్రం నిద్రపోయి చాలా రోజులైనట్టుంది.

"మా ట్యాంకు మొత్తం కాలవలో పోసేస్తారటండీ. శనివారం, అందరి ముందూ," అంది.

వాల్‌బుర్గా ఇరవై రెండేళ్ళు ప్రభుత్వ ఆహార పరీక్షల ల్యాబులో పనిచేసింది. పైవాళ్ళతో పడక బయటికొచ్చి, రాన్‌బాఖ్‌లో ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టుకుంది. ఆమె అసిస్టెంటు యోర్గ్‌కి ముప్ఫై దగ్గర పడుతున్నా, ఆమె తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే రకం. అతను అప్పటికే నోట్‌బుక్ తెరిచాడు.

"పాప వీపు మీద ఎండ పడుతోంది, ఇటు జరగమ్మా. ఇప్పుడు మొదటినుంచీ చెప్పు," అంది వాల్‌బుర్గా.

ఆమె పేరు రోస్విత డోర్‌ఫ్లర్. మిల్లు వీధిలో చిన్న బ్రూవరీ, మూడేళ్ళ క్రితం తనే పెట్టుకుంది. ఏటా వసంతంలో ఊరి బ్రూవర్ల సంఘం పిల్స్ అనే లేత బంగారు రంగు బీర్లకి పోటీ పెడుతుంది. గెలిచిన బీరు కెర్వాలో, అంటే చర్చి తిరునాళ్ళలో, పోస్తారు. ముగ్గురు జడ్జీలు నంబరు మాత్రమే ఉన్న గ్లాసుల్లో రుచి చూస్తారు. ముగ్గురూ "లోపం" అని రాస్తే సంఘం ఎదుట ఆ ట్యాంకు ఖాళీ చెయ్యాలి. ఇరవై ఏళ్ళలో ఒక్కడికే అలా జరిగింది. అతను మళ్ళీ ఈ ఊళ్ళో బీరు కాయలేదు.

"నా బీరులో వెన్న వాసనట, తొందరపడి దించిన బీరుకి వచ్చే లోపం. ముగ్గురూ అదే రాశారు. నేను రోజూ చూసుకున్నానండీ, లేదు! ఎవరో ఏదో కలిపారు."

"ఎవరి మీద అనుమానం?"

"ఎగిడ్ లౌగర్. బీరుకి వాడే బార్లీ మాల్ట్ మిల్లు ఆయనది. జనవరి నుంచి ఆయన దగ్గర కొనడం మానేశాను. జడ్జీల్లో ఆయనొకడు. నా బీరు పోసిన జగ్గు ఆయన పక్కనే ఉంది."

"చల్లని ట్యాంకులో ఎన్ని వారాలు ఉంచావు?"

రోస్విత వంగి పాప టోపీ సరిచేసింది. "ఆరండీ. సంఘం రూలే ఆరు కదా. ఫారంలో కూడా అదే రాశాను."

ఆమె తెచ్చిన జడ్జీల మార్కుల కాగితాలు మూడూ వాల్‌బుర్గా బల్ల మీద పక్కపక్కన పరిచింది. పెన్సిలు రాతలు. హోటలు నడిపే హిల్‌ట్రూడ్ పౌలుస్ కాగితంలో: నురుగు పది, రంగు పది, వాసన వెన్న, లోపం. ఎగిడ్ కాగితంలోనూ అంతే. ఈ రెంటిలోనూ వాసన గడి దగ్గర కాగితం కాస్త నలిగి ఉంది. మూడోది పెద్ద జడ్జి ఒట్మార్ కెస్టెల్ మాస్టారిది. చక్కటి చేతిరాత, ఒక్క కొట్టివేత లేదు. నురుగు పది, రంగు పది. వాసన: వెన్న. నాలుగు వారాలకే దించిన బీరు. లోపం.

"కెస్టెల్ మాస్టారు నాకు పని నేర్పిన గురువండీ," అంది రోస్విత. "ఆయన ముక్కు అబద్ధం చెప్పదు. అందుకే... ఏమనుకోవాలో తెలియట్లేదు."

* * *

పోటీ జరిగింది హిల్‌ట్రూడ్ హోటలు పైగదిలో. ఆవిడ బొద్దుగా, గట్టి గొంతుతో ఉంటుంది. వాళ్ళని చూడగానే, "వచ్చావా వాల్‌బుర్గా! మా సాసేజిల్లో ఎలకుందో లేదో చూడ్డానికేనా?" అంది.

"అది నీ వంటవాణ్ణి అడుగుతాలే. పోటీ రోజు ఎవరెక్కడ కూర్చున్నారు?"

"నేనిక్కడ, మాస్టారు నడుమ, ఎగిడ్ అటు. రాసేదాకా ఎవరూ నోరెత్తకూడదు. తరవాత మాస్టారు తనది చదువుతారు, ఆపైన మేము మావి ఇస్తాం. మా తాతలనాటి నుంచీ అదే పద్ధతి."

"నీకు వెన్న తెలిసిందా?"

"మాస్టారికి తెలిసింది కదా!" అని, గుడ్డ చేతిలోకి తీసుకుంటూ, "నాకూ తెలిసిందనుకో," అంది హిల్‌ట్రూడ్. గ్లాసులు తుడవడం మొదలుపెట్టింది. అవి అప్పటికే తుడిచి ఉన్నాయి.

ఎగిడ్ లౌగర్ కిందనే ఉన్నాడు. మీసాల్లో మాల్ట్ పిండి.

"నా మీదేగా ఏడుస్తోంది ఆ పిల్ల? నా మాల్ట్ మానేసి పక్క ఊరి గడ్డి వాడితే బీరు అలాగే తగలడుతుంది. జగ్గులో ఏదైనా కలపాలంటే ఇద్దరు చూస్తుండగా కలపాలి. నాకంత తెలివుంటే ఈ పిండిలో ఎందుకు దొర్లుతాను?"

పోటీకి ప్రతివాళ్ళూ మూడేసి సీసాలిస్తారు. రెండు జగ్గులోకి, ఒకటి సీలుతో నేలమాళిగలో. ఆ మూడో సీసాను సంఘం కార్యదర్శి ఎదుట తెరిపించి, వాల్‌బుర్గా గ్లాసు వంచి నెమ్మదిగా పోసింది. ఆగి, మళ్ళీ పోసింది. నురుగు గుమ్మటంలా లేచింది. ఆమె వాసన చూసి, గ్లాసు యోర్గ్‌కి ఇచ్చింది.

యోర్గ్ కళ్ళు మెరిశాయి. "ఉంది మేడమ్! వెన్నే! సన్నగా, వెనకెక్కడో... స్పష్టంగా తెలుస్తోంది!"

"రాసుకో," అంది వాల్‌బుర్గా. తను చిన్న సీసాలో కాస్త బీరు పోసుకుని వీధి దాటి రొట్టెల దుకాణానికి వెళ్ళింది. అక్కడి ముసలావిడ తెల్లవారుజామున మూడింటి నుంచీ వెన్నతోనే బతుకుతుంది.

"ఇది వాసన చూసి చెప్పవ్వా."

"పొద్దున్నే బీరేమిటే? ఊఁ... ఎండు గడ్డి. రొట్టె పైపొర. పువ్వేదో చేదుగా. ఏం, చచ్చిన ఎలక వాసన రావాలా?"

"ఇంకేమీ లేదా?"

"ఉంటే చెప్పనూ? నా ముక్కు ఇంకా నా మొహం మీదే ఉంది."

* * *

కెస్టెల్ మాస్టారి ఇల్లు నది ఒడ్డున. తలుపు తీయగానే యోర్గ్ ఒకడుగు వెనక్కి వేశాడు. ముందు గదిలో కిటికీ మూసి ఉంది. కూజాలో ఎప్పటివో లిల్లీ పువ్వులు, కింద నీళ్ళు పచ్చగా కుళ్ళి ఉన్నాయి. మాస్టారు శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు. డెబ్బై ఏళ్ళు ఉంటాయి.

"రండి, రండి. భోజనం చేస్తున్నాను, ఏమనుకోకండి." కంచంలో ఉడికిన మాంసం ముక్క. దాని మీద క్రెన్ ముల్లంగి తురుము గుట్టగా పోసి ఉంది. ఒక చెంచాడు తింటే ముక్కులోంచి పొగలొచ్చే ఘాటు అది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా మరో చెంచా వేసుకున్నారు.

"చలికాలంలో ఒంట్లో బాగోలేదని విన్నాను," అంది వాల్‌బుర్గా.

"జలుబు. అందరికీ వచ్చిందే. తగ్గిపోయింది."

"రోస్విత పాపకి కూడా బాగోలేదట కదా."

"పాపం, రెండు వారాలు ఆస్పత్రిలో పెట్టారు. అమ్మాయి ఫోన్లో ఒకటే ఏడుపు." మాస్టారు చెంచా కింద పెట్టారు. "బీరు మాత్రం... నేనేం చెయ్యగలను? ఉన్నది రాశాను. నా చేత్తో నేర్పిన పిల్ల."

బయటికి రాగానే యోర్గ్ గట్టిగా గాలి పీల్చుకున్నాడు. "ఎంత నిజాయితీ మేడమ్! సొంత శిష్యురాలని కూడా చూడలేదు. ఆ పువ్వుల కంపులో ఎలా తింటున్నాడో మరి."

వాల్‌బుర్గా అతని వంక చూసి, "అదే నేనూ ఆలోచిస్తున్నాను," అంది.

* * *

శనివారం పదకొండింటికి అందరూ పైగదిలో చేరారు. కింద వీధిలో కాలవ పక్కన సంఘం మనుషులు గొట్టంతో సిద్ధంగా ఉన్నారు. రోస్విత కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. పాప ఆమె గుండీ చప్పరిస్తోంది.

"ముందు ఒక్కసారి రుచి చూద్దాం," అంది వాల్‌బుర్గా. "గెలిచిన రెండో నంబరు బీరు."

యోర్గ్ గ్లాసులు పెట్టాడు. మాస్టారు అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నారు. ఆయన కళ్ళు మూసుకుని రుచి చూడ్డం ఊరంతా మెచ్చుకునే దృశ్యం. నిదానంగా వాసన పీల్చి, ఒక గుక్క తాగారు.

"శుభ్రంగా ఉంది. ఆ రోజు చెప్పినట్టే. ఎండుగడ్డి, పువ్వులు. ఒక్క మచ్చ లేదు."

ఎగిడ్ నోరు తెరిచి మూసుకున్నాడు. హిల్‌ట్రూడ్ చెయ్యి ముక్కు దగ్గరే ఆగిపోయింది. మాస్టారి గ్లాసులోంచి వెన్న ఎసెన్సు కంపు బల్ల చుట్టూ కొడుతోంది. పైన నురుగు చచ్చి, బీరు చదునుగా ఉంది.

ఆయన కళ్ళు తెరిచి ముందు వాళ్ళ ముఖాలు చూశారు. తరవాత గ్లాసు చూశారు.

వాల్‌బుర్గా చూపు దించుకుంది. "మీ గ్లాసులో ఎసెన్సు కలిపినందుకు సిగ్గుపడుతున్నాను మాస్టారూ. వేరే దారి దొరకలేదు. ఇక చెప్పాల్సింది చెప్పేస్తాను.

"ఎవరో ఏదో కలిపారని రోస్విత అంది. దుకాణంలో దొరికే వెన్న ఎసెన్సు నూనెలో కలిపినది. నూనె తగిలితే పిల్స్ నురుగు నిలవదు, ఈ గ్లాసే సాక్ష్యం. ఆ రోజు ముగ్గురూ నురుగుకి పదికి పది వేశారు. కాబట్టి ఎవరూ ఏమీ కలపలేదు, ఎగిడ్ కూడా."

"వినబడిందా?" అన్నాడు ఎగిడ్. కానీ గొంతులో ఎప్పటి వెటకారం లేదు.

"అయితే వెన్న బీరులోనే ఉండాలి. సీలు సీసాలో నాకు తెలియలేదు. నా యోర్గ్‌కి మాత్రం తెలిసింది, ఎందుకంటే అతను ఈ కాగితాలు చదివాడు. చదవని రొట్టెల అవ్వకి తెలియలేదు."

యోర్గ్ చెవులు ఎర్రబడ్డాయి.

"లేని వాసనను మూడు ముక్కులు ఎలా పట్టాయి? ఇక్కడ చూడండి, రెండు కాగితాల్లో వాసన గడి నలిగింది. వెలుతురుకి పెడితే కింద అచ్చు కనబడుతుంది. హిల్‌ట్రూడ్, నువ్వు ముందు రాసింది చదవనా?"

హిల్‌ట్రూడ్ ముఖం దాచుకుంది. "'చాలా బాగుంది' అని రాశాను. మాస్టారు వెన్న అని చదివేసరికి నా ముక్కే పాడైందనుకున్నా. ముప్ఫై ఏళ్ళ హోటలు నాది, వెన్న తెలియదంటే నలుగురూ నవ్వరూ? బల్ల కింద చెరిపేశాను."

"నేనూ," అన్నాడు ఎగిడ్ నేల చూస్తూ. "తొమ్మిది మార్కులు వేశాను. అది ఆ పిల్లదని తెలియదు. తెలిసుంటే వెయ్యకపోదును, అది వేరే సంగతి."

"మూడో కాగితంలో ఒక్క చెరుపు లేదు. కానీ అందులో 'నాలుగు వారాలు' అని ఉంది. ఎంత గొప్ప ముక్కైనా వెన్నను చెబుతుంది, వారాలు లెక్కపెట్టదు. ఫారంలో ఆరు అని ఉంది. నాలుగని ఎవరు చెప్పారు?"

గదిలో అందరూ రోస్విత వైపు తిరిగారు. ఆమె పాపను దగ్గరకి లాక్కుంది.

"నేనే. పాపకి నిమ్ము చేసి రెండు వారాలు ఆస్పత్రిలోనే ఉన్నాం. బీరు ఆలస్యంగా కాచాను. మాస్టారికి ఒక్కరికే ఫోన్లో చెప్పుకున్నాను. ఫారంలో ఆరని అబద్ధం రాశాను. మీకూ అదే అబద్ధం చెప్పాను." చెంపల మీంచి కారుతున్న నీళ్ళు పాప తల మీద పడుతుంటే తుడిచింది. "అమ్మ అయ్యాక పని చేతకావడం లేదంటారేమోనని భయమేసింది."

మాస్టారు లేచి నిలబడ్డారు. బల్ల పట్టుకుని నిలబడ్డారు.

"జనవరి నుంచి నాకు వాసన తెలియదు," అన్నారు. "కాఫీ వేడినీళ్ళు, రొట్టె అట్టముక్క. క్రెన్ మంట ఒక్కటే ముక్కుకి తగులుతుంది. సంఘానికి చెబితే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే నేనేమిటి? ఆ రోజు గ్లాసు రాగానే గుర్తుపట్టాను అమ్మాయ్. గ్లాసు గోడకి వలయాలుగా అంటుకునే ఆ నురుగు నీదే, నేను నేర్పిందే. నాలుగు వారాలే ఉంచావని నువ్వు చెప్పిన మాట బుర్రలో ఉంది. నాలుగు వారాల బీరులో వెన్న ఉండి తీరాలనుకున్నాను. నేను బాగుందని రాసి, పక్కవాళ్ళు వెన్న వాసన పసిగడితే దొరికిపోతాను. వెన్న అంటే ఎవరూ కాదనరు."

"ఉండదు మాస్టారూ," అంది రోస్విత. "చలిలోకి పంపే ముందు మూడు రోజులు వెచ్చగా ఉంచాను. వెన్న ఆ మూడు రోజుల్లోనే పోతుందని మీరే కదా నేర్పారు."

మాస్టారు మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. జేబులోంచి రబ్బరు తీసి, తన కాగితం ముందుకు లాక్కుని, ఆ చక్కటి చేతిరాతను చెరపడం మొదలుపెట్టారు. చాలాసేపు పట్టింది.

కార్యదర్శి కిటికీలోంచి తల బయటపెట్టి, "గొట్టం చుట్టేయండి," అని అరిచాడు.

* * *

ఫారంలో వారాలు తప్పుగా రాసినందుకు రోస్వితను ఆ ఏటి పోటీలోంచి తీసేశారు. ఆమె ఎదురు చెప్పలేదు. కానీ బీరులో లోపం లేదని సంఘం అచ్చు వేయించి చర్చి తలుపుకి అంటించింది. కెర్వాలో గెలిచిన బీరు పక్కనే ఆమె పీపాకి కూడా చోటిచ్చారు.

కెర్వా రోజు మధ్యాహ్నం వాల్‌బుర్గా, యోర్గ్ వరసలో నిలబడ్డారు. "ఆ గ్లాసు నాకిచ్చిన రోజే తెలుసా మేడమ్ నేను తప్పు చెప్పానని?" అన్నాడు యోర్గ్.

"తెలుసు. నువ్వు తప్పు చెప్పబట్టే దారి దొరికింది. అయినా ముందే చెప్పి ఉండాల్సింది. నాలుగు రోజులు నిన్ను వెర్రివాణ్ణి చేశాను."

వాళ్ళ ముందు కెస్టెల్ మాస్టారు నిలబడి ఉన్నారు. అందరూ ఆయనకి కాస్త ఎడంగా జరిగారు. ఆయన వంతు రాగానే రోస్విత గ్లాసు వంచి, ఆగి ఆగి, పిల్స్ పోసే పాత పద్ధతిలో పూర్తిగా ఏడు నిమిషాలు పోసింది. వెనక వరసలో ఎవరో విసుక్కున్నా పట్టించుకోలేదు.

మాస్టారు గ్లాసు తీసుకున్నారు. ముక్కు దగ్గరకి తేలేదు.

"ఎలా ఉందే?" అని మెల్లగా అడిగారు.

రోస్విత పాపను రెండో భుజానికి మార్చుకుని ముందుకు వంగింది. "ఎండుగడ్డి మాస్టారూ. అప్పుడే కోసింది కాదు, రెండు రోజులు ఆరింది. తరవాత రొట్టె పైపొర. చివర్లో హాప్స్ పువ్వు చేదు, మీరు వేయమన్నంతే వేశాను."

ఆయన వింటూ తల ఊపారు. అప్పుడు తాగారు, కళ్ళు తెరిచే.