పట్టాల మీద సూపు బండి

"బండి తీయండి! వెనక ట్రాములన్నీ ఆగిపోయాయి!"

"గుర్రం మొండికేసింది. మీరొచ్చి చెప్పండి, మీ మాటైతే వింటుందేమో!" అంది సూపు బండి కిటికీలోంచి ఒకమ్మాయి.

వానలో నిలబడ్డ కూలీలంతా గొల్లుమన్నారు. ట్రామ్ డ్రైవర్ ముఖం మాడిపోయింది.

హోటళ్లు మూసేశాక రాత్రి డ్యూటీవాళ్లకి ఆ గుర్రబ్బండే దిక్కు. నాన్న లోపల సూపు కాచేవాడు, కూతురు కిటికీలోంచి అందించేది. ఆ రాత్రి బండి చక్రం పట్టాల్లో ఇరుక్కుంటే, గుర్రం లాగనని మొండికేసింది. డ్రైవర్ డ్యూటీ దిగీదిగగానే, అదే ఊపులో మునిసిపల్ ఆఫీసుకి ఫిర్యాదు రాసి పడేశాడు.

వారం తిరక్కుండానే ఆకలికి ఓడి, ఆ కిటికీ ముందే నిలబడ్డాడు.

"ట్రామ్ ఎక్కడ పెట్టొచ్చారు?"

"షెడ్డులో. భయపడొద్దని మీ గుర్రానికి చెప్పండి."

ఆమె నవ్వింది. గిన్నెలో ఒక గరిటె ఎక్కువ పడింది.

చలికాలమంతా అలా ఎక్కువ పడుతూనే ఉంది. అతను పక్కన నిలబడి గిన్నెలు తుడిచేవాడు.

"పెళ్లయ్యాక కూడా తుడుస్తారా?" అని ఒకరోజు నోరు జారి, ఆమె తలుపు చాటుకి తప్పుకుంది. లోపల నాన్న గొంతు సవరించుకున్నాడు.

ఫిర్యాదు సంగతి చెప్పేయాలని అతను రోజూ అనుకునేవాడు. ఆ నవ్వు చూశాక, రేపు చూద్దాంలే అనుకునేవాడు.

చలి తగ్గేసరికి ఆర్డరొచ్చింది: వీధుల్లో తిండిబళ్లు ఉండకూడదు. కారణం అడగడానికి నాన్నా కూతురూ ఆఫీసుకి వెళ్లారు. గుమస్తా ఫైలు తెరిచి ఫిర్యాదులు చూపించాడు. అన్నిటికన్నా పైనున్న కాగితం కింద అతని సంతకం.

గుర్రాన్ని అమ్మేశారని విని, సాయంత్రం అతను పరుగెత్తుకొచ్చాడు. ఆమె గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది.

"ఆరోజు కోపంలో రాశాను. ఇంతదాకా వస్తుందనుకోలేదు."

"మీ ఒక్కరిదే కాదులెండి. యాభై దాకా ఉన్నాయి."

"నువ్వంటే నాకు ప్రాణం. మీ నాన్నగారి కాళ్లయినా పట్టుకుంటాను."

"నాలుగు నెలలు నా పక్కనే నిలబడ్డారు. ఒక్కసారి చెప్పుంటే తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, ఆఖరికి పోనీలే అనేదాన్ని. గుమస్తా చెబితే తెలియాలా నాకు?"



"బాబూ," అన్నాడు నాన్న, "సంచి బరువుగా ఉంది. కాస్త ఆ తోపుడు బండిలోకి ఎత్తిపెట్టి వెళ్లు."

ఎత్తిపెట్టాడు. అతని చెయ్యి తగలకుండా ఆమె తాడు ముడి వేసింది.

"చల్లగా ఉండు నాయనా," అన్నాడు నాన్న.

ఆ గొంతులో కాస్తయినా కోపం ఉంటే అతను తట్టుకునేవాడు.